అప్‌డేట్: నల్గొండ నుంచి తొక్కు, సకినాలు అమెరికాకు ఎట్లా చేరాయంటే

సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు కారకుండా, సకినాలు విరగకుండా తెచ్చుకునేదెట్లా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగిన. తిరిగొచ్చాక తేలిన సంగతులివి.

తొక్కు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలను రానివ్వరు, నూనె తేలిన తొక్కునూ అట్లనే చూస్తరు. సీసా నిండుగా పోయొద్దు, ముప్పావు చాలు. పైకెగిరినకొద్దీ బయటి పీడనం తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తది, నూనెను మూత సందులోంచి నెడతది. మీరు జవాబుల్లో చెప్పినట్టు సీసాను ఒకదాంట్లో ఒకటిగా రెండు కవర్లలో పెడితే బాగా పనిచేసింది. కవర్ల మధ్య పాత లుంగీ గుడ్డ చుడితే ఇంకా నయం.

సకినాలు పూర్తిగా చల్లారినాకనే స్టీలు డబ్బాలో పేర్చాలి. వేడిమీద మూస్తే ఆవిరికి మెత్తబడతయి. ఖాళీల్లో కాగితం కూరాలి, కదలిక లేకుంటే విరగవు.

కుడుకలు మాత్రం వద్దే వద్దు. నూనె ఎక్కువుండి తమంతట తామే వేడెక్కే గుణముందని ఎండు కొబ్బరిని విమాన నిబంధనల్లో ప్రమాదకర సరుకుగా లెక్కేస్తరు. కోడి, మటన్ పచ్చళ్లు అమెరికా కస్టమ్స్‌లో గుంజుకుంటరు. మన బియ్యం కూడా నిల్వ గింజలను తినే ఖప్రా పురుగు వస్తదన్న భయంతో రానియ్యరు. తిండి ఏదున్నా ముందే చెప్పాలి, దాస్తే జరిమానా.