ఉతికిన లుంగీ మీది మరకలో డీఎన్‌ఏ దొరుకుతుందా?

కావలి దగ్గర మా ఊళ్ళో మా బాబాయిని చంపేశారు. అనుమానితుడి ఇంట్లో దండెం మీదున్న లుంగీని పోలీసులు పట్టుకెళ్ళారు. సబ్బుతో ఉతికేసినా అంచు కుట్టులో గోధుమరంగు మరక మిగిలింది. పొట్టేలు కోసినప్పటిదని వాళ్ళ వాదన. మనిషిదో కాదో ల్యాబ్‌లో తేలిపోతుంది, ఆ భయం లేదు.

రక్తంలో డీఎన్‌ఏ తెల్లకణాల నుంచి వస్తుందని, ఎర్రకణాల్లో కేంద్రకమే ఉండదని చదివాను. మరి ఉతికాక సరిపడా మిగులుతుందా? అసలు టెన్షన్ వేరే ఉంది: లుంగీని తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీల్ వేశారు. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి కదా! లేకపోతే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది.

ఫోరెన్సిక్ ల్యాబ్‌లోనో క్రిమినల్ కేసుల్లోనో పనిచేసినవాళ్ళుంటే చెప్పండి. ఈ సంగతి ఇప్పుడే ఎస్పీ గారికి రాసివ్వాలా, రిపోర్టు వచ్చేదాకా ఆగాలా?