‘విజ్లీ’ ఓడ మునిగిందా, గల్లంతైందా?

ప్రశ్న

‘వైతర్ణ’ అనే స్టీమరు గురించి తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నాను. ఓడలో కరెంటు దీపాలు ఉండేవి కాబట్టి గుజరాత్ తీరంలో జనం దాన్ని ‘విజ్లీ’ అనేవారు. 1888 నవంబరు 8న కచ్‌లోని మాండ్వీ నుంచి బొంబాయికి బయల్దేరింది. ద్వారకలో ఇంకొంతమందిని ఎక్కించుకుంది. వాతావరణం బాగాలేక పోర్‌బందర్‌లో ఆగలేదు. ఆ రాత్రే తుఫాను. ఓడలో 740 మందికి పైగా ఉన్నారు, మెట్రిక్ పరీక్ష రాయడానికి బొంబాయి వెళ్తున్న కుర్రాళ్ళు కూడా ఉన్నారంటారు. ఒక్క శవం గానీ, చెక్కముక్క గానీ దొరకలేదు. ఇలాంటి ఓడల్ని ఆ కాలపు ఇంగ్లీషు రికార్డుల్లో ‘మిస్సింగ్’ అనేవారు. నేను ‘అదృశ్యమైంది’ అని రాస్తే చదివినవాళ్ళు పెదవి విరిచారు. ‘మునిగిపోయింది’ అంటే సరిపోతుందా అండీ?

జవాబు, కాకినాడ నుంచి

అదృశ్యం వద్దండీ. పేపర్లో ‘యువతి అదృశ్యం’ అని చదివి చదివి, ఆ మాట వినగానే పోలీస్ స్టేషనే గుర్తొస్తుంది. ‘ఓడ పగిలింది’ అని రాయొచ్చు కదా? తెలుగు బైబిల్లో పౌలు ‘ముమ్మారు ఓడ పగిలి’ అంటాడు. మంచి పాత మాట.

జవాబు, విశాఖ నుంచి

పగలడం మంచి మాటే. కానీ ఓడ పగిలిందని చెప్పాలంటే పగలడం ఎవరో చూసి ఉండాలి, కనీసం ముక్కలైనా ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉండాలి. పౌలు బతికి వచ్చాడు కాబట్టి చెప్పుకోగలిగాడు. ‘మునిగింది’ అన్నా అదే చిక్కు. విజ్లీ విషయంలో రెంటికీ సాక్షి లేడు. ‘మిస్సింగ్’ అన్నదాంట్లో అసలు సంగతి ఇదే.

ఆ రోజుల్లో ఈ మాట ఊరికే వాడింది కాదు, దాని వెనక ఒక తంతు ఉండేది. లండన్‌లో ఓడల బీమా ప్రధానంగా నడిచే చోటు లాయిడ్స్. రావలసిన రోజుకు ఓడ రాకపోతే ముందు ‘ఆలస్యం’ కిందకి వచ్చేది. రోజులు గడిచేకొద్దీ దాని మీద రీ-ఇన్సూరెన్స్ రేటు, అంటే బీమా ఇచ్చినవాడు ఆ భారాన్ని ఇంకొకడికి అప్పగించడానికి ఇచ్చే ధర, ఎక్కుతూ పోయేది. ఓడ వస్తుందని ఆశపడి ఆ భారం తీసుకునేవాడు ఒకడు, రాదని భయపడి వదిలించుకునేవాడు ఇంకొకడు. నా దృష్టిలో అది అచ్చంగా జూదం. వైర్‌లెస్ లేని కాలం మరి, ఓడ రేవు దాటితే ఎదురొచ్చే ఇంకో ఓడ చూసి చెబితేనే కబురు. చివరికి ఆశ లేదనుకున్నాక లాయిడ్స్ కమిటీ ఆ ఓడ పేరును ‘మిస్సింగ్’ అని బోర్డు మీద పెట్టేది. అక్కడితో ఓడ పోయినట్టే లెక్క, బీమా సొమ్ము చెల్లించాల్సిందే. అంటే శవాలు లేని మరణానికి అదే డెత్ సర్టిఫికెట్. అక్కడ ఒక గంట కూడా ఉంది. 1799లో డచ్చి తీరంలో మునిగిన ‘లూటీన్’ అనే యుద్ధనౌకది, 1858లో నీళ్ళలోంచి తీశారు. ఆలస్యమైన ఓడ క్షేమంగా చేరితే రెండుసార్లు, పోయినట్టు తేలితే ఒకసారి కొట్టేవారు.

కాబట్టి తెలుగులోనూ ఒక్క మాటతో సరిపెట్టకుండా మెట్లు మెట్లుగా వెళ్ళాలి. మొదట ‘రావలసిన ఓడ రాలేదు’. తర్వాత ‘ఆచూకీ లేదు’. ఇంకా వెతుకుతున్నారన్న అర్థం అందులో ఉంది. ఆఖర్న ‘గల్లంతైనట్టు ప్రకటించారు’. ‘ప్రకటించారు’ అన్నది వదలొద్దు, ఎవరో ఒక రోజున తేల్చి చెప్పారన్నది అందులోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు

గల్లంతు అంటే గోల, గందరగోళం కదా? మా తాతగారు పిల్లల్ని ‘గల్లంతు చెయ్యకండర్రా’ అని కసిరేవారు.

జవాబు, విశాఖ నుంచి

నిజమే, పాత అర్థం అదే. ఇప్పుడు మాత్రం ‘వేటకెళ్ళిన మత్స్యకారులు గల్లంతు’, ‘ఓట్లు గల్లంతు’ అంటే ఎవరికీ గోల గుర్తు రాదు. ఉండాల్సిన చోట లేకపోవడం, ఏమైందో తెలియకపోవడం, ఈ రెండూ కలిపి చెప్పే మాట తెలుగులో నాకు ఇంకోటి కనబడలేదు. 1893 ఫిబ్రవరిలో లివర్‌పూల్ నుంచి న్యూయార్క్ బయల్దేరిన ‘నరోనిక్’ను చూడండి. టైటానిక్ కంపెనీదే, 74 మంది ఉన్నారు. దాని ఖాళీ లైఫ్‌బోట్లు రెండు సముద్రంలో దొరికాయి, ఓడ దొరకలేదు. పడవలు కనబడ్డాయి కాబట్టి ‘అదృశ్యం’ అనలేం, ఓడ ఎలా పోయిందో తెలీదు కాబట్టి ‘పగిలింది’ అనలేం. ‘గల్లంతు’ మాత్రం ఇబ్బంది లేకుండా నప్పుతుంది.

జవాబు, బరంపురం నుంచి

‘ఓడ పోయింది’ అని మాత్రం రాయకండి, వెళ్ళిందనుకుంటారు. మనుషుల విషయంలో అయితే ‘పోయారు’ బాగుంటుంది. విజ్లీకి ముందు ఏడాది, 1887 మే 25 తుఫానులో కలకత్తా నుంచి పూరీ యాత్రికులతో బయల్దేరిన ‘సర్ జాన్ లారెన్స్’ మునిగింది. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కలకత్తా ఛోటూలాల్ ఘాట్‌లో వాళ్ళ పేరిట కొందరు ఇంగ్లీషు స్త్రీలు వేయించిన ఫలకం ఉంది. దాన్ని నేను తెలుగు చేస్తే ‘ఓడతో పాటే పోయిన యాత్రికులు’ అంటాను. ‘మృతి చెందిన’ అంటే ఆఫీసు కాగితంలా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అయితే ఇలా మార్చాను: ‘వైతర్ణ బొంబాయి చేరలేదు. వెతికారు, ఆచూకీ దొరకలేదు. గల్లంతైనట్టు ప్రకటించారు. ఓడలో లైఫ్‌బోట్లు, లైఫ్ జాకెట్లు చాలినన్ని లేవని విచారణలో తేలింది.’

జవాబు, కాకినాడ నుంచి

బాగుంది. నా ‘పగలడం’ వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో మాట, ఓడ పేరు ‘వైతర్ణ’ అనే ఉంచండి. అది బొంబాయికి ఉత్తరాన పారే నది పేరు. మనవాళ్ళు చేతిలో కలం ఉంటే చాలు, దాన్ని ‘వైతరణి’ అని దిద్దేస్తారు. అప్పుడు చదివేవాళ్ళు యమలోకం దారిలో ఉండే నది అనుకుని, ఓడకు ఆ పేరెందుకు పెట్టారా అని ఆలోచనలో పడతారు. ప్రూఫ్ చూసేవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.