బకీపేపర్‌లో మాట్ గీత తిన్నగా వస్తే అది హాపింగేనా?

సన్నగొట్టం:
ఒంటిపొర కార్బన్ నానోట్యూబుల బకీపేపర్ (ట్యూబులు చిక్కుపడి కాగితంలా ఏర్పడిన పల్చటి పొర). నాలుగు తీగల కొలత, కరెంటు 1 మిల్లీఆంపియర్. 300 కెల్విన్ దగ్గర 100 ఓంలు, ద్రవ నైట్రోజన్‌లో (77) 126, ద్రవ హీలియంలో (4.2) 300. నిరోధం లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత మైనస్ 1/4 ఘాతానికి ఎదురుగా గీస్తే మూడు చుక్కలూ ఒకే గీత మీద కూర్చున్నాయి. వాలును నాలుగో ఘాతానికి పెంచితే వచ్చే టీ0 33 కెల్విన్. మాట్ వేరియబుల్ రేంజ్ హాపింగ్ (ఒకచోట చిక్కుకున్న ఎలక్ట్రాన్ మరో చోటికి గెంతడం) అని రిపోర్టులో రాసేయొచ్చా?

చల్లపెట్టె:
రాయొద్దు. ఆ టీ0 మీ మాటను మీకే అడ్డం తిప్పుతోంది. మాట్ లెక్కలో సగటు గెంతు దూరం అంటే లోకలైజేషన్ పొడవును (ఎలక్ట్రాన్ పరుచుకుని ఉండే మేర) 3/8తోనూ, (టీ0/టీ) 1/4 ఘాతంతోనూ గుణించగా వచ్చేది. 4.2 దగ్గర మీకు వచ్చేది ఆ పొడవులో 0.63 వంతు. అంటే ఎలక్ట్రాన్ తను ఇప్పటికే పరుచుకుని ఉన్న మేరలోకే గెంతుతోందన్నమాట. దాన్ని హాపింగ్ అనరు. గెంతు ఆ పొడవును దాటాలంటే టీ0/టీ కనీసం 51 ఉండాలి. మీకు 8 కూడా లేదు. 300 దాకా గీత లాగారు కాబట్టి టీ0 15 వేల కెల్విన్ పైన ఉండాలి.

పొర పల్చన కాబట్టి రెండు మితులు, 1/3 ఘాతం అంటారేమో. అప్పుడు టీ0 13 దగ్గర, గెంతు 0.48 వంతు. ఇంకా అధ్వానం.

పావుఘాతం:
చల్లపెట్టె గారూ, ఆ నియమం ఒకే రకం పదార్థానికి. బకీపేపర్ అలాంటిది కాదు. ట్యూబుల కట్టల లోపల దాదాపు లోహం, కట్టకీ కట్టకీ మధ్య అడ్డంకి. హాపింగ్ జరిగేది కూడళ్లలోనే. మొత్తం నిరోధంలో ఒక భాగం ఉష్ణోగ్రతతో పెద్దగా మారని శ్రేణి నిరోధం. దాన్ని తీసేయకుండా ఫిట్ చేస్తే టీ0 చిన్నదిగానే వస్తుంది. చిన్న టీ0 చూపించి హాపింగే లేదనడం తొందరపాటు.

చల్లపెట్టె:
సరే, ఎంత తీసేస్తారు? 20 ఓంలా, 60 ఓంలా? ఏది తీసినా వాలు మారుతుంది, ఘాతమూ మారుతుంది. మూడు చుక్కలకు నాలుగు సంఖ్యలు సర్దితే పడని గీత ఉండదు.

గ్రాఫుకాగితం:
అసలు పీటముడి ఇక్కడుంది. 4.2 నుంచి 77 దాకా అంటే వినడానికి చాలా దూరం. మైనస్ 1/4 ఘాతం అక్షం మీద అది 0.70 నుంచి 0.34 వరకే, రెండింతలు. అంత ఇరుకులో ఏ నెమ్మది వంపైనా తిన్నగానే కనిపిస్తుంది.

ఇప్పుడు 1980లో షెంగ్ ఇచ్చిన ఫ్లక్చుయేషన్ టన్నెలింగ్ సూత్రం (లోహపు భాగాల మధ్య సన్నటి అడ్డంకిని ఎలక్ట్రాన్లు టన్నెల్ చేసి దాటడం, వేడి పుట్టించే వోల్టేజి ఒడిదుడుకులు దానికి తోడు) పెట్టండి. అందులో నిరోధం టీ1/(టీ+టీ0)కి ఎక్స్‌పొనెన్షియల్. టీ1 34, టీ0 24 వేస్తే (ఈ టీ0 వేరే, మాట్‌ది కాదు) 77 దగ్గర 126, 4.2 దగ్గర 300, అచ్చంగా అవే అంకెలు! మీ మూడు చుక్కలు రెండు సిద్ధాంతాలకీ సమానంగా సాక్ష్యం చెబుతున్నాయి.

తేడా తేలేది వేరే చోట్ల. 20 కెల్విన్ దగ్గర మాట్ అయితే 175 ఓంలు, టన్నెలింగ్ అయితే 195. 10 దగ్గర 216, 245. హీలియం మీద పంపు పెట్టి 1.5కి దిగితే మాట్ 490 అంటుంది, టన్నెలింగ్ 340 దగ్గరే ఆగిపోతుంది. కొలవాల్సిన చోట్లు ఇవి.

సన్నగొట్టం:
20 దగ్గర ఎలా నిలబెట్టాలి? నా దగ్గరున్నది డిప్‌స్టిక్ (నమూనాను ద్రవంలోకి దింపే కడ్డీ) ఒక్కటే.

గ్రాఫుకాగితం:
డ్యూవర్‌లో (హీలియం ఉంచే ఫ్లాస్కు) ద్రవం పైనున్న ఆవిరిలో ఆపండి. అయితే అక్కడ సెంటీమీటరు ఎత్తు తేడాకే ఉష్ణోగ్రత మారిపోతుంది. నమూనా, థర్మామీటరు ఒకే రాగి దిమ్మ మీద ఉండాలి. నమూనా కింద సిగరెట్ కాగితం పరిచి జీఈ వార్నిష్‌తో (అతిచలిలో వాడే జిగురు) అంటించండి, రాగికి షార్ట్ కాదు. తీగలు సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్‌వి, జతలుగా మెలేసి, ముందు దిమ్మకు కొన్ని చుట్లు చుట్టి ఆ తర్వాతే నమూనాకు. లేకపోతే పైనుంచి తీగల్లో దిగే వేడి నేరుగా నమూనాలోకే పోతుంది. దింపుతూ ఒక వక్రం, ఎత్తుతూ ఒక వక్రం తీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడకపోతే థర్మామీటరు వెనకబడుతోందని అర్థం, ఆ డేటా పనికిరాదు.

సిల్వర్ పేస్ట్ కాంటాక్టులు చలికి పగులుతుంటాయి. 4.2లో ప్రతి జతనీ రెండు తీగలతో ఒకసారి కొలిచి చూసుకోండి.

చల్లపెట్టె:
ఆ 1 మిల్లీఆంపియర్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 300 ఓంలలో అది 0.3 మిల్లీవాట్. ద్రవంలో మునిగి ఉన్నప్పుడు సరిపెట్టుకోవచ్చు. ఆవిరిలోనో శూన్యంలోనో పొర వేడెక్కుతుంది, థర్మామీటరుకు తెలియదు. 10 మైక్రోఆంపియర్‌కి దించితే 30 నానోవాట్, వోల్టేజి ఇంకా 3 మిల్లీవోల్టులు ఉంటుంది. తీగల్లో పుట్టే థర్మల్ వోల్టేజి కొన్ని మైక్రోవోల్టులు, కరెంటు దిశ మార్చి సగటు తీస్తే పోతుంది.

పావుఘాతం:
నా అభ్యంతరమూ సరిగ్గా అక్కడే. వేడెక్కిన నమూనా 1.5 దగ్గర నిరోధం తక్కువ చూపిస్తుంది. వక్రం చదునైపోతుంది, మీరు దాన్ని టన్నెలింగ్ అంటారు. బయటి రేడియో నాయిస్ తీగల గుండా వచ్చినా అదే తంతు. 340 వచ్చినంత మాత్రాన మాట్ ఓడిపోయినట్టు కాదు.

గ్రాఫుకాగితం:
ఒప్పుకుంటాను. కాబట్టి 1.5లో 1, 3, 10, 30 మైక్రోఆంపియర్లు, నాలుగూ కొలవాలి. కరెంటు తగ్గిస్తూ పోతే నిరోధం ఒక విలువ దగ్గర స్థిరపడితే వేడి గొడవ లేదు. 1 దగ్గర కూడా ఇంకా పెరుగుతుంటే ఆ చదును నమ్మొద్దు. నాయిస్ పట్టుకోవడానికి గది వైపు తీగలకు ఫిల్టర్లు పెట్టి, తీసి, రెండుసార్లు చూడాలి.

ఇంకొకటి. తిన్నటి గీత కోసం వెతకడం మానేసి, 1984లో జబ్రోద్‌స్కీ, జినోవియెవా చూపిన పద్ధతి పట్టండి: లాగ్ నిరోధాన్ని లాగ్ ఉష్ణోగ్రతతో డెరివేటివ్ తీసి గుర్తు మార్చాలి. హాపింగ్ అయితే చల్లబడేకొద్దీ అది పెరుగుతూనే ఉండాలి. టన్నెలింగ్ అయితే 24 దగ్గర శిఖరం, ఆ కింద పడిపోతుంది. 4.2 దగ్గర మాట్‌కి 0.42, టన్నెలింగ్‌కి 0.18. డెరివేటివ్ నాయిస్‌ని పెంచుతుంది కనుక ఉష్ణోగ్రత లాగ్ మీద సమదూరంలో కనీసం 40 చుక్కలైనా ఉండాలి.

పావుఘాతం:
శ్రేణి నిరోధం ఉంటే ఆ డెరివేటివ్ కూడా తగ్గి కనిపిస్తుంది, అది మర్చిపోకండి. కానీ శిఖరం రాదు, పెరగడం ఆగదు. నమూనా వేడెక్కలేదని తేలాక కూడా శిఖరం కనిపిస్తే, ఈ పేపర్ వరకూ నా వాదన వదిలేస్తాను. ఆమ్లంతో గోడలు బాగా పాడుచేసిన ట్యూబులు తెచ్చి, నిరోధం నాలుగైదు ఆర్డర్లు (ఒక్కో ఆర్డరు పదింతలు) పెరిగితే మాత్రం మళ్లీ మాట్లాడదాం.

సన్నగొట్టం:
హీలియం పంపు వచ్చే వారం దొరుకుతుంది. 1.5 అంటే ఆవిరి పీడనం ఎంతకి దించాలి?

చల్లపెట్టె:
సుమారు 5 మిల్లీబార్. 50 మిల్లీబార్ దగ్గర, 2.17 కెల్విన్ దాటగానే హీలియం సూపర్‌ఫ్లూయిడ్ అయి బుడగలు ఆగిపోతాయి, కంగారుపడొద్దు. పంపు వాల్వు నెమ్మదిగా తెరవండి, అలా తెరిచినా మూడో వంతుకు పైగా హీలియం దారిలోనే పోతుంది.