మేకపోతు పిల్లల్ని అమ్మాలి, చేతులు రావట్లేదు. మీరెలా అమ్ముతున్నారు?

కనిగిరి కొట్టం:
అందరికీ నమస్తే. మాది ప్రకాశం జిల్లా, కనిగిరి దగ్గర పల్లె. మూడేళ్ళ కింద ఆరు ఆడమేకలు, ఒక పోతుతో మొదలుపెట్టా. అమ్మకానికే పెట్టా, అందులో దాపరికం లేదు. అప్పుడప్పుడూ ఒకటీ రెండూ తెలిసినోళ్ళకి ఇచ్చా గానీ అసలు అమ్మకం అంటూ ఇంతవరకు చెయ్యలేదు, ఇప్పుడు చూస్తే కొట్టంలో 34 తేలాయి. ఆడవి 22, పెద్ద పోతు ఒకటి, మిగతా 11 పోతుపిల్లలు, అయిదు నెలల నించి ఎనిమిది నెలల దాకా వయసు. బోరు సన్నగా పోస్తోంది, అర ఎకరం దశరథ గడ్డి సగం ఎండింది, పక్కూరి నించి శనగ పొట్టు కొని పోస్తున్నా. లెక్క నాకు తెలీక కాదు.

బేరగాడు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ రేటు గిట్టదని పంపించేశా. నిజం చెప్పాలంటే రేటు బాగానే ఉంది. రెండోసారి ఏమైందంటే, అతను ఒక్కో పిల్లనీ పట్టుకుని నడుం మీద చెయ్యేసి వేళ్ళతో నొక్కి కండ చూస్తున్నాడు, మిగతావన్నీ బెదిరి మూలకి పోయాయి, చుక్క అనే పిల్ల మాత్రం తనంతట తనే వెళ్ళి అతని మోకాలికి తల రుద్దింది. దాని తల్లికి ఈనగానే పొదుగు గట్టిపడి పాలు పోతే మేం సీసాతో పెంచాం, నెల రోజులు వరండాలోనే పడుకుంది. "బాగా మచ్చికైంది సార్, ఎక్కించడం ఈజీ" అన్నాడు నవ్వుతూ. అంతే, నాకు కడుపులో దేవినట్టయింది.

మా ఆవిడేమో "అమ్మలేనోడివి పెంచడం దేనికి" అంటది. పాప ఆరో తరగతి, పదకొండింటికీ పేర్లు పెట్టేసింది. ఏళ్ళ తరబడి పెంచేవాళ్ళు మీరెలా చేస్తారు, పిల్లలకి ఏం చెప్తారు? నవ్వుకున్నా పర్లేదు, చెప్పండి.

వనపర్తి మంద:
అన్నా నవ్వేదేం లేదు. మాది గొర్ల మంద, తాతల కాలం నుంచి ఇదే పని. మేము పొట్టేలు పిల్లల్ని శనివారం పెబ్బేరు సంతకు తోల్కపోతం. మా నాయినకు ఒక పద్ధతి ఉండె, శుక్రవారం పొద్దుమూకినంక అమ్మేటివాటి వీపు మీద ఎర్రరంగు పూసేటోడు. పూసినంక వాటి దిక్కు పోకపోయేటోడు, నీళ్ళు పెట్టేది కూడ మాతోనే పెట్టిచ్చేది. చిన్నప్పుడు నాయినది రాతిగుండె అనుకున్న, ఇప్పుడు నేను పూస్తుంటె తెలుస్తుంది. ఏది పోవాలె ఏది ఉండాలె అనే గుంజులాట సంతల బేరగాని ముందట పెట్టుకోవద్దు, ఇంటికాడనే తెంపుకోవాలె. నువ్వు రెండుసార్లు బేరగాణ్ణి పిలిచి ఆయన ముందట తెంపుదామనుకున్నవ్, ఆడనే తప్పు జరిగింది.

గొర్లు మంద లెక్క పోతయ్, అంత తెల్వది. ఎడ్లు అట్ల కాదు. 2016ల ట్రాక్టరు వచ్చినంక ఎడ్లను అమ్మినం, పలుపు తాళ్ళు మాత్రం ఇయ్యలె, మా దిక్కు ఇయ్యరు, కొన్నోడు కొత్త తాడు తెచ్చుకోవాలె. ఆ రెండు తాళ్ళు ఇప్పటికీ దూలానికే ఉన్నయ్, మా అమ్మ దులుపుతది గని తియ్యనియ్యది.

అనంతపురం మేకలమ్మ:
అన్నా, బాధ సంగతి తర్వాత చెప్తా, ముందు ఒక మాట. ఆరేడు నెలల పోతుపిల్లలు పదకొండూ ఆడవాటితో కలిసి ఒకే కొట్టంలో ఉండాయా? ఉంటే నీ మేకల్లో ఇప్పటికే కొన్ని చూడు కట్టి ఉంటాయి, అదీ తమ్ముళ్ళకో కొడుకులకో. నాలుగైదు నెలలకే పోతుపిల్ల ఎక్కడం మొదలుపెడ్తుంది. పాతిక మేకలకి ఒక్క పోతు చాలు, అది కూడా రెండేళ్ళకోసారి మార్చాల. నువ్వు జాలిపడి ఉంచుకున్న దానికి రేపు పుట్టే పిల్లలు అనుభవిస్తాయబ్బా, బక్కగా పుడతాయి, నిలవవు. నా మందలో జరిగింది కాబట్టే చెప్తాండా.

ఇంక బాధ గురించి. నేను చేసేదేమంటే, మూడు నెలలు నిండగానే పోతుపిల్లల్ని వేరే దొడ్లోకి మారుస్తా. తల్లులు రెండు మూడు రోజులు గొంతు పోయేలా అరుస్తాయి, అరవనీ, పిల్లలు పక్క దొడ్లో కళ్ళెదురుగానే ఉంటాయి కాబట్టి మనకి అంత కష్టమనిపించదు. నెలన్నర తర్వాత అమ్మేటప్పుడు తల్లి తలెత్తి కూడా చూడదు. తల్లీపిల్ల విడిపోయేదీ ఇంట్లోంచి పంపేదీ ఒకే రోజు పెట్టుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు నీకు.

పిల్లలకి అబద్ధం మాత్రం చెప్పద్దు. మావాడికి "పెద్ద ఫార్మ్‌కి పంపించినాం" అని చెప్పినా. ప్రతి ఆదివారం ఎప్పుడు పోదాం చూడ్డానికి అని అడిగేవాడు, ఆఖరికి పక్కింటాయన నోరుజారి చెప్పేసినాడు. మేకని అమ్మినందుకు కాదు, నేను అబద్ధం చెప్పినందుకు నాతో వారం మాట్లాడలే.

బక్రీద్‌కి ఆపుదాంలే అనుకుంటాండావేమో, దానికి ఏడాది నిండాల, పాలపళ్ళు రాలి వచ్చే రెండు పెద్ద పళ్ళు చూసి కొంటారు. నీవి ఈసారికి అందవు.

రెండు ముక్కలు:
ఒక డౌట్ బ్రదర్. ఆదివారం మటన్ తింటారా? తింటే ఈ ఏడుపు దేనికి?

కనిగిరి కొట్టం:
తింటా. బజార్లో కొన్నది తింటా. ఇంట్లో పెంచింది ఇంతవరకు తినలా, తినలేను కూడా. తేడా ఏంటని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

@అనంతపురం మేకలమ్మ, అక్కా, అన్నీ కలిసే ఉన్నాయి. మీరు చెప్పాక వెళ్ళి చూశా, రెండు పడ్డమేకల మీద నాకూ అనుమానంగానే ఉంది.

గోదారి పాడి:
మాది గేదెల డైరీ అండి, తూర్పుగోదావరి. మీ పోస్టు చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మీకు కొనేవాడు ఉన్నాడు, అమ్మడానికి మనసు రావట్లేదు. మాకు ముర్రా గేదె దున్నదూడని ఈనిందంటే అసలు కొనేవాడే ఉండడండి. పోతుల్తో దున్నేవాళ్ళు లేరు, బళ్ళు లేవు, దూడ తాగే పాలకి లెక్క కడితే నెలకి వేలల్లో పోతుంది. మరేం చేస్తాం? చెప్పడానికి సిగ్గుగానే ఉంది, దూడని చేపు వచ్చేదాకా, అంటే పొదుగులోకి పాలు దిగేదాకా వదిలి లాగేయడం, దూడ ఎండిపోయి ఇరవై రోజులకో నెలకో పోతే "దక్కలేదు" అనుకోవడం. ఎవరూ చంపలేదు, ఎవరూ అమ్మలేదు, అంతా మంచివాళ్ళమే. మా ఇంట్లో కూడా మొన్నమొన్నటిదాకా ఇదేనండి. ఒకసారి అలాంటి దూడ లేవలేక పడుకునే నా లుంగీ అంచు పట్టుకుని చప్పరిస్తుంటే అప్పుడు బుద్ధొచ్చింది.

ఇప్పుడు ఆడదూడలే పుట్టే సెమెన్ వేయిస్తున్నాను, నూటికి తొంభై ఆడవే అంటారు, చూడు నిలవడం మాత్రం మామూలు దానికంటే కొంచెం తక్కువ. అయినా మగది పుడితే పాలు తాగించే పెంచి, దానా మీద నిలబడ్డాక ఇచ్చేస్తున్నాను. అమ్మడం పాపమేమో నాకు తెలీదండి, అమ్మకుండా ఆకలితో ఉంచడం మాత్రం చూశాను. ఎండాకాలం గడ్డి లేకుండా 34 మేకల్ని మీరు ఎలా నిలబెడతారో అది కూడా ఆలోచించండి.

వనపర్తి మంద:
కరెక్టే చెప్పిన్రు. ఇంకొకటి అన్నా, కంటితోని చూసి రేటు కట్టే చూపు బేరం పెట్టుకోకు, కాటా పెట్టు. మనసు మెత్తగున్నోణ్ణి చూస్తే బేరగాడు పసిగడ్తడు. కాళ్ళు కట్టి ఆటోల కుక్కుతానంటే ఇయ్యకు, నిలబెట్టి తీస్కపొమ్మను. గంత అడిగే హక్కు అమ్మేటోనికి ఉంటది.

కనిగిరి కొట్టం:
అందరికీ థ్యాంక్స్. రెండు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా. మొన్న ఎనిమిది ఇచ్చేశా. వేలాడే కాటా తెప్పించి కిలో 430 చొప్పున లెక్క కట్టాం, మొత్తం 126 కిలోలు తూగాయి, యాభైనాలుగు వేల పైన వచ్చింది. ముందురోజే పాపకి ఉన్నదున్నట్టు చెప్పాం. ఏడ్చింది. పొద్దున్నే రానంటదేమో అనుకున్నా, వచ్చి కాటా పక్కన నిలబడి నోట్‌బుక్కులో పేరు, దాని ఎదురుగా కిలోలు రాసుకుంది. బూడిద 15.2, టైసన్ 17.4, ఇలా. బేరగాడు 17 అని రౌండ్ చెయ్యబోతే "పాయింట్ నాలుగు" అంది. ఆ పేజీ చింపి బీరువాకి అంటించింది, నేనేం అనలేదు.

రెండింటిని ఊళ్ళోనే పెంపకానికి ఇచ్చా. చుక్కకి పశువులాసుపత్రిలో విత్తులు కొట్టించి ఉంచేసుకున్నాం. తెలివితక్కువ పనే, రోజూ తిండి దండగ, తెలుసు. ఒక్కదానికి నన్ను ఒదిలెయ్యండి.

అక్కా, ఒక్కటే అడుగుతున్నా, టైసన్ తల్లి మూడో రోజు కూడా గేటు దగ్గరే నిలబడి అరుస్తోంది, పొదుగు కూడా బిగుసుకున్నట్టుంది. పాలు పిండెయ్యనా, ఒద్దా?

అనంతపురం మేకలమ్మ:
మొత్తం పిండేస్తే మళ్ళీ ఊరతాయి. బిగువు తగ్గేంత మటుకు రోజుకోసారి కొంచెం తీసెయ్, నాలుగు రోజులు దానా ఆపి ఎండుమేత మీదే పెట్టు. వేడిగా తగిలినా, పాలు విరిగినట్టు ముక్కలుగా వచ్చినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు, చుక్క తల్లికి వచ్చింది కూడా అదే. టైసన్ తల్లిని గేటు కాడి నించి మార్చి లోపల కట్టెయ్, మేతకి మాత్రం అందరితోపాటే తోలు. అరుపు వారంలో తగ్గిపోతుంది.