హైదరాబాద్ మెట్రో ఎందుకంత ఆలస్యమైంది?

ప్రశ్న: 2008లోనే గుత్తేదారు ఖరారైన హైదరాబాద్ మెట్రోలో తొలి రైలు 2017 నవంబరు దాకా ఎందుకు కదలలేదు? చిక్కు డబ్బుదా, రాజకీయానిదా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: మెలిక మొదటి టెండరులోనే ఉందండీ. 2008లో గుత్తేదారుగా ఖరారైన మేటాస్ కంపెనీ కూటమి ప్రభుత్వ సాయం అడగకపోగా, తామే ఎదురు 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తామంది. ఈ లెక్క వెనుక ఉన్నది టికెట్ల రాబడి కాదని, ప్రాజెక్టుతోపాటు చేతికొచ్చే ప్రభుత్వ స్థలాల మీద ఆశేనని అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కల కుంభకోణం బయటపడడంతో, సత్యం అధిపతి రామలింగరాజు కుటుంబం చేతిలోనే ఉన్న మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోయింది; జూలైలో ఒప్పందం రద్దయింది.

జవాబు 2: పై వివరణకు ఒక్క మాట చేరుస్తాను. 2010లో ఎల్ అండ్ టీ అదే పనికి 1,458 కోట్ల సాయం కోరి టెండరు దక్కించుకుంది. ఒకరు ఇస్తామన్నారు, మరొకరు ఇమ్మన్నారు! రాష్ట్ర విభజన తర్వాత అసెంబ్లీ, సుల్తాన్‌బజార్ దగ్గర మార్గం మార్చాలని కొత్త ప్రభుత్వం పట్టుబట్టడంతో మరికొంత కాలం గడిచింది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. మాది ఫలక్‌నుమా. 2020లో జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మా దాకా రావాల్సిన లైను ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గరే ఆగిపోయింది. అక్కడ దిగి ఆటో కోసం బేరమాడినప్పుడల్లా ఈ ప్రశ్నే మెదిలేది.