‘ఇగ్నోర్’ అంటే తెలియకపోవడమా, పట్టించుకోకపోవడమా?

ప్రశ్న: ఇంగ్లీషులో ‘ఇగ్నోర్’ అంటే పట్టించుకోకపోవడం. కానీ ‘ఇగ్నోరెంట్’ అంటే తెలియనివాడని నిఘంటువు చెబుతోంది. తెలిసి వదిలేయడానికీ, అసలు తెలియకపోవడానికీ ఒకే మూలం ఎలా కుదిరింది? ఒక సాఫ్ట్‌వేర్‌ను తెలుగు చేస్తున్నాను. అక్షరదోషాలు చూపే చోట ‘ఇగ్నోర్’ అనే మీటకు ‘ఉపేక్షించు’ అని పెట్టాను. సరిపోతుందాండీ?

జవాబు: రెండూ లాటిన్ ‘ఇగ్నోరారే’ సంతానమే. అందులో ముందున్నది నిషేధం, వెనుకది ‘తెలియు’ అనే అర్థమున్న ‘గ్నో’ ధాతువు. సంస్కృతంలోని ‘జ్ఞా’ దీనికి తోబుట్టువు. అంటే ‘ఇగ్నోరెన్స్’, ‘అజ్ఞానం’ కట్టుబడిలో కూడా ఒకటే. తెలుసుకోవడాన్ని చెప్పే ఇంగ్లీషు ‘నో’కు ముందు రాసి పలకకుండా వదిలేసే ‘కె’ ఉంది చూడండి, అదీ ఈ గకారం తాలూకు ఆనవాలే.

ఇంగ్లీషులో అడుగుపెట్టిన 17వ శతాబ్దంలో ఈ క్రియకు తెలియకపోవడమే అర్థం. ఫ్రెంచిలో ఇప్పటికీ ఫలానావారి చిరునామా తనకు తెలియదనడానికి ఇదే క్రియ వాడతారు. అది చూసి ‘చిరునామాను పట్టించుకోను’ అని అనువదిస్తే కొంప మునుగుతుంది. 1755లో ఇంగ్లీషు నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో పాత అర్థమే ఇచ్చి, ఈ మాటను శాస్త్రవేత్త బాయిల్ ప్రవేశపెట్టాలని చూశాడు గానీ అది చెల్లలేదని రాశాడు. పండితుడు చెల్లదన్న మాటే 19వ శతాబ్దంలో కొత్త అర్థంతో స్థిరపడింది.

న్యాయస్థానాల్లో మాత్రం ఆ కొత్త అర్థం జాడ ముందే ఉంది. ఇంగ్లండులో గ్రాండ్ జ్యూరీ (అభియోగం విచారణకు వెళ్లాలో వద్దో తేల్చే పౌరుల బృందం), సాక్ష్యం చాలదనుకున్న అభియోగపత్రం వెనుక ‘ఇగ్నోరామస్’ అని రాసేది. అక్షరాలా ‘మాకు తెలియదు’. ఆచరణలో ‘దీన్ని మేము లెక్కలోకి తీసుకోం’. 1615లో కేంబ్రిడ్జిలో మొదటి జేమ్స్ రాజు ఎదుట ఆడిన ఒక నాటకంలో ఇదే పేరుతో ఒక వకీలు పాత్ర ఉంది. ఆ మాట ఇప్పుడు శుద్ధ అజ్ఞానికి పేరుగా మిగిలింది. వకీళ్లు నొచ్చుకోకూడదు మరి.

మరో జవాబు: చరిత్ర బాగుంది. మీట సంగతి నేను చెబుతాను. ‘ఉపేక్షించు’ వద్దండీ. ఉపేక్షలో ‘చూడడం’ ఉంది. చూస్తూ ఊరుకున్నారన్న నింద కూడా దానికి అంటుకుని ఉంటుంది. నేరాన్ని ఉపేక్షిస్తారు, అక్షరదోషాన్ని కాదు. ‘విస్మరించు’లో మరపు ఉంది, ‘నిర్లక్ష్యం’లో తప్పు ఉంది. అసలు ఇంగ్లీషువారు ఒక్క మాటతో సరిపెట్టే చోట మనకు కర్మను బట్టి క్రియ మారుతుంది: సలహాను పెడచెవిన పెడతాం, ఆజ్ఞను బేఖాతరు చేస్తాం, గిట్టని మనిషి ఎదురైతే చూసీ చూడనట్టు వెళ్లిపోతాం. ఎర్రగీత పడిన పదాన్ని మాత్రం వదిలేస్తాం. ‘వదిలేయండి’ అని పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. దాని కిందే ‘ఇగ్నోర్ ఆల్’ అని ఇంకో మీట ఉంది. ‘అన్నీ వదిలేయండి’ అనవచ్చా?

జవాబు: అలా అంటే పత్రంలోని తప్పులన్నిటినీ వదిలేయమన్నట్టు అవుతుంది. సాధారణంగా ఆ మీట వర్తించేది ఎంచుకున్న ఆ ఒక్క పదానికే. ‘ఈ పదం ఎక్కడ వచ్చినా వదిలేయండి’ అని రాయండి. కాస్త పొడవే, మీటలో పట్టకపోతే ‘అన్నిచోట్లా వదిలేయండి’ చాలు.