సూది గుచ్చుకుంది, ఏం మందు వాడాలో ఎవరూ చెప్పడం లేదు

పొన్నూరు_అబ్బాయి:
మా అమ్మ గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. చెత్త కవర్ ముడి వేస్తుంటే లోపలున్న సూది గ్లౌజులోంచి బొటనవేలికి దిగింది. అక్కడి నర్సు టీటీ వేసి ఏం కాదులే పొమ్మంది. సూపర్‌వైజరేమో కాంట్రాక్టర్‌ని అడగమంటాడు, ఆయన ఆస్పత్రినే అడగమంటాడు, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఏదీ ఇవ్వమన్నారు. పొద్దున్నించీ ఫోన్లు చేసీ చేసీ తల తిరిగిపోతోంది. నెట్‌లో ఒక్కొక్కళ్ళు ఒక్కోటి రాశారు. ఏం మందు వాడాలో చెప్పండి ప్లీజ్.

ఐసీయూ_బ్రదర్:
జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వాస్పత్రి) క్యాజువాలిటీ. ఇప్పుడే బయల్దేరండి.

ల్యాబ్_మావయ్య:
అసలు చెత్త కవర్లో సూది ఎందుకుందో ముందు అది అడగండి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం సూదులు, బ్లేడ్లు తెల్లటి గట్టి డబ్బాలోకే వెళ్ళాలి, పొడిచినా చిల్లు పడని డబ్బా. రక్తం అంటిన దూది, కట్లు పసుపు కవర్లోకి, సెలైన్ పైపులు, సూది తీసేసిన సిరంజిలు ఎర్ర కవర్లోకి. ఇంజెక్షన్ చేసిన మనిషి మంచం పక్కనే, అదే నిమిషంలో సూదిని కట్టర్‌లో పెట్టి తుంచాలి. మన దగ్గర ఏం చేస్తారు? వాడిన సూదికి మళ్ళీ క్యాప్ పెడతారు, అక్కడే చాలామందికి గుచ్చుకుంటుంది, లేదంటే ట్రేలో వదిలేసి పోతారు. ట్రే ఊడ్చి కవర్లో పోసేది ఆయమ్మ. గుచ్చుకునేదీ ఆవిడకే. డాక్టరు చేతిలో సూది ఉన్నప్పుడు ఉండే జాగ్రత్త, అది కింద పడ్డాక ఎవరికీ ఉండదు. ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మావయ్యగారూ, అవన్నీ తర్వాత. తమ్ముడూ, ఎప్పుడు గుచ్చుకుంది? ఏ సూది, రక్తం కనిపించిందా? ఆ వార్డు ఏదో తెలుసా? అమ్మ హెపటైటిస్ బి టీకా ఎప్పుడైనా వేయించుకుందా?

పొన్నూరు_అబ్బాయి:
నిన్న మధ్యాహ్నం అక్కా. సెలైన్ పెట్టే సూదిట, కొంచెం లావుది, లోపల ఎర్రగా ఉందంటోంది. డయాలసిస్ గది చెత్త. ఎవరికి వాడిందో తెలీదు. వేలు గట్టిగా పిండి రక్తం తీశారు, స్పిరిట్ పోశారు, ఇంటికొచ్చాక పసుపు పెట్టుకుంది. టీకా సంగతి, టీటీ వేశారని పైన రాశాను కదా.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
టీటీ ధనుర్వాతానికి. హెపటైటిస్ బి, అంటే కామెర్ల టీకా వేరు, మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి ఒకటి, ఆరో నెలలో ఇంకొకటి. అది లేకపోతే ఇక్కడ ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్ బి గురించి. హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తంతో గుచ్చుకున్నా అంటుకునేది వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి, అదే హెపటైటిస్ బి అయితే టీకా లేనివాళ్ళలో వందకి ఆరు నుంచి ముప్ఫై దాకా. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతుకుతుంది.

పిండడం, స్పిరిట్ పోయడం వద్దు, సబ్బు పెట్టి ధారగా నీళ్ళ కింద కడిగితే చాలు. పసుపు కడిగెయ్యమను. క్యాజువాలిటీలో "ఆస్పత్రి పనిలో సూది గుచ్చుకుంది, పీఈపీ కావాలి" అని ఇవే మాటల్లో చెప్పు, పీఈపీ అంటే హెచ్‌ఐవీ అంటుకోకుండా వేసుకునే మాత్రలు. గుచ్చుకున్న రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు, మీకు ఇంకా టైముంది కానీ రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఇవ్వాలా వద్దా డాక్టరు తేలుస్తారు, ఇస్తే రోజుకో మాత్ర, 28 రోజులు, మధ్యలో మానకూడదు. రిపోర్టు వచ్చేదాకా మొదటి మాత్ర ఆపక్కర్లేదు. హెపటైటిస్ బి టీకా ఇవాళే మొదలుపెట్టమను, ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలేమో అడుగు. హెపటైటిస్ సి కి టీకా లేదు, అందుకే తర్వాత టెస్టులు ఎగ్గొట్టకండి.

పొన్నూరు_అబ్బాయి:
హెచ్‌ఐవీ టెస్టు అంటే అమ్మ ఒప్పుకోవట్లేదు అక్కా. కాంట్రాక్టర్‌కి తెలిస్తే తీసేస్తారంటోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
రిపోర్టు ఆస్పత్రికీ కాంట్రాక్టర్‌కీ ఇవ్వరని చెప్పు. ఇవాళ చేసే టెస్టు, ఇంతకుముందు లేదని రుజువు కోసమే. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అమ్మకే ఇవ్వు.

హెచ్ఆర్_విజయవాడ:
కాంట్రాక్టు లేబర్ ఆస్పత్రి స్టాఫ్ కిందికి రారు. టీకాలు, మందుల ఖర్చు ఏజెన్సీ చూసుకోవాలి, అగ్రిమెంట్‌లో ఉంటుంది.

యూనియన్_అన్న:
స్టాఫ్ అనే మాట పట్టుకుని తప్పించుకోవడం కుదరదు. అదే 2016 రూల్స్‌లో, చెత్త పట్టుకునే హెల్త్‌కేర్ వర్కర్లకీ "ఇతరులకీ" హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించాల్సింది ఆస్పత్రే అని ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడూ, తర్వాత ఏటా హెల్త్ చెకప్ కూడా. 2017 హెచ్‌ఐవీ చట్టం 19వ సెక్షన్ కూడా పీఈపీ ఇవ్వాల్సింది అక్కడ పనిచేసే "వ్యక్తులకి" అంటుంది, పర్మనెంటా కాదా అని అడగదు.

హెచ్ఆర్_విజయవాడ:
ప్రాక్టికల్‌గా ఎవరి జేబులోంచి పోతుందో నేను చెప్పాను. చట్టం నాకూ తెలుసు.

యూనియన్_అన్న:
ప్రాక్టికల్‌గా పోయేది ఆయమ్మ జేబులోంచి. తమ్ముడూ, ఈఎస్ఐ కార్డు ఉందా? ప్రమాదం జరిగిందని ఆస్పత్రి రిజిస్టర్‌లో రాయించారా? తేదీ, టైము, ఏ గది అన్నీ ఉండాలి. రేపు ఏదైనా తేలితే పనిలో వచ్చిందని నిలబడేది ఆ కాగితమే.

ల్యాబ్_మావయ్య:
డయాలసిస్ గది అన్నాడు, ఆ రోగుల్లో హెపటైటిస్ సి ఎక్కువ, కాబట్టి దాని సంగతి గట్టిగా అడగాలి. అక్కడ తెల్ల డబ్బా ఉందో లేదో కూడా ఎవరైనా ఫోటో తీయండి.

ఐసీయూ_బ్రదర్:
బయల్దేరారా?

పొన్నూరు_అబ్బాయి:
మొదటి మాత్ర వేశారు, టీకా కూడా. థాంక్స్ అక్కా, అందరికీ. బస్సులో ఉన్నాం.

యూనియన్_అన్న:
రిజిస్టర్ సంగతి చెప్పలేదు తమ్ముడూ.

ల్యాబ్_మావయ్య:
ఏ రంగు కవరో కూడా చెప్పలేదు.